మూడు దినాల సీసా

ఆదోని పత్తి యార్డు గేటు కాడ
మా మందులంగడి షట్టర్ ఎత్తితే
ముందు దూది నూగు లోనికొస్తాది,
దాని వెనకాల తుమ్ములు.

కొందరు పడిశెం అంటారు, కొందరు రొంప,
హొళగుంద పక్కోళ్లు నెగడి అంటారు.
పేరేదైనా అడిగేది ఒకటే:
"షేక్షావలీ, ఒక మాత్ర ఇయ్యప్పా. ఏదో ఒకటి."

ఏదో ఒకటి అని ఏ రేకు మీదా రాసిలేదు.

పడిశెం పది రోగాల పెట్టు అనేది మా జేజి.
ఈ పచ్చ మాత్ర మూడు మందుల పెట్టు.
జ్వరానికొకటి, కారే ముక్కుకొకటి,
మూసుకున్న ముక్కుకొకటి.
రేకు వెనకాల చీమకాళ్లంత అక్షరాలు.
కళ్లద్దాలు నొసటి మీదికి తోసి
మొన్న ఉరుకుందమ్మకు చదివి చెప్పినాను:
"జ్వరం మాత్ర ఇందులోనే ఉందక్కా.
ఇది మింగి ఇంటికి పోయి తెల్లది మింగితే
ఒకే మందు రెండుమార్లు తిన్నట్టు.
నువ్వు మర్చిపోతావు,
కాలేయం లెక్క రాసుకుంటాది."
ఆమె కొంగుముడి విప్పింది.
తెల్లవి రెండు మిగిలినాయి.
పొద్దున్నించి నాలుగు అయిపోయినాయంట.
"ఈ పొద్దుకు ఇంకేం వద్దు" అని పంపినాను.
మా సేటు నా తట్టు చూసినాడు.
పోయిన బేరం పన్నెండు రూపాయలు.

హమాలీ తిక్కయ్యకు బీపీ ఉంది.
చెప్పడు. మనమే అడగాల.
"ముక్కులో నరాల్ని బిగించే మందు
ముక్కు కాడే ఆగదు మామా,
లోపలున్నవన్నీ బిగిస్తాది."
"బోరెం మూతికి పురికోస బిగించినట్టా?"
"అట్లే. డాక్టర్ని అడిగి రా."
నలభై ఏండ్లు బోరేలు మోసినోడు,
ఇంకొక మాట లేకుండా దిగిపోయినాడు.

లారీ మద్దిలేటి మాత్రం గొడవ పడినాడు.
నిద్రొచ్చే మాత్ర అంటే నమ్మడు.
"రేపు లోడు దించి, బండి ఆపి,
అప్పుడు వేసుకో. క్వార్టర్ మీద వద్దు."
"నువ్వు మందులమ్ముతావా, బుద్ధులమ్ముతావా?"

జిన్నింగు మిల్లు పిల్ల ఒకతె
చంకలో రెండేండ్ల బిడ్డ, చెవి దాకా చీమిడి.
"పెద్దోళ్ల సీసానే సగం మూత పోస్తే సరిపోదా అన్నా?"
"సరిపోదు తల్లీ.
వాడు సగం మనిషి కాదు,
వేరే మనిషి."
ఉప్పునీళ్ల చుక్కలిచ్చినాను.
రొమ్ము పట్టినప్పుడు ఊపిరి ఎగపోస్తే
రాత్రని చూడొద్దు, పెద్దాసుపత్రికి పో అన్నాను.

ఇన్ని చెప్పేవాడి చొక్కా జేబులో
ఒక చిన్న సీసా ఉండేది.
ముక్కు చుక్కలు.
మూడు దినాలకు మించొద్దని దాని మీద ఉంది.
నేను పోసుకునేది పోయిన పత్తి సీజన్ నుంచి.

చుక్క పడితే ముక్కు తెరుచుకునేది,
నాలుగు గంటలకు ముందుకంటే గట్టిగా మూసుకునేది.
తాళం తీసేవాడే తాళం వేసేవాడు.
పండుకునేటప్పుడు దిండు కింద ఒకటి,
అయిపోతాదేమోనని అల్మారాలో ఇంకొకటి.
మా ఖాజాబీ ఒక రాత్రి లైటు వేసి అనింది:
"ఊరందరికీ మూడు దినాలు.
నీకు క్యాలెండరు లేదా?"

కర్నూలులో ముక్కు డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు.
ముందు ఎడమ ముక్కుకు ఆపమన్నాడు.
అది దారికొచ్చినాక కుడిదానికి.

ఎనిమిది రాత్రులు గోడకానుకుని కూచున్నాను.
సగం మనిషే ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది.
ఖాజాబీ మధ్యలో లేచి
వేడినీళ్లు పెట్టి మళ్లా పండుకునేది.

తొమ్మిదో పొద్దున షట్టర్ ఎత్తుతుంటే
ఏదో వాసన.
నూనె మిల్లులో పత్తిగింజల చెక్క.
నా జన్మలో ఎప్పుడూ నచ్చని వాసన.
తాళంచెవి చేతిలో పట్టుకుని
ఎడమ ముక్కుతో
అట్లే నిలబడి పీల్చినాను.

"షేక్షావలీ, ఒక మాత్ర ఇయ్యప్పా."

"ఎన్ని దినాలైంది?"
అడుగుతూనే జేబు తడుముకున్నాను.
కుడిదాని వంతు రేపటి నుంచి.